అరకు ట్రిప్పు: ఇప్పుడు వెళ్లొచ్చా, ఆగాలా?

నిద్రలేని_టెకీ | 11 జులై 2021, రాత్రి 11:40

అన్నలూ అక్కలూ, సూటిగా అడిగేస్తున్నా. బక్రీద్ సెలవుకి రెండు రోజులు లీవు కలుపుకుని అరకు వెళ్దామని ప్లాన్. నేను, మా ఆవిడ, ఐదేళ్ల బాబు, అమ్మా నాన్నా. హైదరాబాద్ నుంచి రాత్రి రైలు, విశాఖలో దిగి ఏడు సీట్ల బండి మాట్లాడుకుని ఘాట్ ఎక్కేయడం, పైన మూడు రాత్రులు. నాకూ మా ఆవిడకీ జూన్‌లో కంపెనీ క్యాంపులో ఒక డోసు పడింది. అమ్మకి రెండూ అయ్యాయి. నాన్నకి షుగరుంది, ఏప్రిల్ ఆఖర్లో కోవిషీల్డ్ మొదటిది వేయించాం, ఈలోగా రెండు డోసుల మధ్య గ్యాప్ 84 రోజులకి పెంచేశారు కాబట్టి రెండోది ఇంకా పడలేదు.

తెలంగాణలో లాక్‌డౌన్ ఎత్తేసి మూడు వారాలైంది కానీ మాకేం తేడా తెలియట్లేదు. ఆఫీసు ఇంట్లోనే, బడి ఫోన్లోనే. మావాడు బొమ్మ కార్లన్నిటికీ శానిటైజర్ కొట్టి "పద్నాలుగు రోజులు బయటికి రాకూడదు" అని అల్మరాలో పెట్టి తలుపేస్తున్నాడు. మొదట్లో నవ్వుకున్నాం, ఇప్పుడు నవ్వు రావట్లేదు. ఇంకోపక్క మా అన్నయ్య వాట్సాప్‌లో మనాలి జనం ఫొటోలు పంపి, మూడో వేవ్ వస్తే నీలాంటోళ్ల వల్లే వస్తుందని ఫోన్ చేసి మరీ తిట్టాడు. హోమ్‌స్టేకి సగం అడ్వాన్స్ కట్టేశాను. మీరేమంటారు? భయపెట్టడానికి కాకుండా, ఆలోచించి చెప్పండి.

కొత్తపేట_కుర్రాడు | 12 జులై, ఉదయం 7:05

ఏందన్నా ఇంత టెన్షన్, పోయి రా. మొన్న నాగార్జునసాగర్ ఉప ఎన్నికకు బండ్లల్ల జనాన్ని తోలిన్రు, హరిద్వార్‌ల కుంభమేళా చేసిన్రు, గప్పుడు లేని కరోనా నువ్వు పిల్లగాన్ని తీస్కొని కొండెక్కంగనే వస్తదా? ఇక్కడ మాల్స్ తెరిచే ఉన్నయ్, బార్లు తెరిచే ఉన్నయ్, మెట్రోల మనిషి మీద మనిషి. వాటికంటే అరకు గాలి వెయ్యిరెట్లు నయం.

పద్మక్క_గుంటూరు | 12 జులై, ఉదయం 8:20

అప్పుడు లేని కరోనా ఏంటి బాబూ? ఏప్రిల్ 14న ఆ ఉప ఎన్నికకే హాలియాలో ముఖ్యమంత్రి కేసీఆర్ సభ, 19న ఆయనకే పాజిటివ్ అని వార్త. ఆ తర్వాత మే నెల ఎలా ఉందో నీకు గుర్తులేదేమో, మాకు గుర్తుంది. మా బాబాయిని కార్లో పెట్టుకుని బెడ్ కోసం ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి తిప్పాం. ఒకచోట గేటు కూడా తియ్యలేదు, ఊచల్లోంచే తల అడ్డంగా ఊపారు. మనిషి పోయాక పదకొండో రోజు కార్యానికి సొంత అక్కచెల్లెళ్లు రాలేకపోయారు. ఆ బూడిద ఇంకా చల్లారకముందే కొండలు, జలపాతాలు, ఫొటోలు! వాళ్లు చేశారు కాబట్టి మేమూ చేస్తాం అనేది ఒక వాదనా? తప్పు వాళ్లది అయితే తిట్టు, నేనూ నీతో కలిసి తిడతా. అంతేగానీ అదే పని నువ్వు చెయ్యకు.

టెకీ బాబూ, నీ కొడుకు మీద జాలేస్తోంది, నిజం. కానీ ఇంకో రెండు మూడు నెలలు ఆగితే అరకు ఎక్కడికీ పారిపోదు.

టూర్ల_మాస్టారు | 12 జులై, ఉదయం 10:15

నాది రాజమండ్రి, టూర్లు వేయడమే నా వృత్తి, కాబట్టి నా మాటలో స్వార్థం ఉందనుకునే చదవండి. గ్రూప్ టూర్లు నేనే ఆపేశాను. టెంపో ట్రావెలర్లో ఏసీ వేసుకుని అద్దాలు బిగించుకుని వేర్వేరు ఇళ్లవాళ్లు గంటల తరబడి కూర్చుని, దిగే ముందు అంత్యాక్షరి ఆడుతుంటే ముందు సీట్లో కూర్చున్న నాకు చెమటలు పట్టేవి. పైగా "రిపోర్టు మీరే ఎలాగోలా తెప్పించండి మాస్టారూ" అని అడిగేవాళ్లు. డెహ్రాడూన్ వైపు నకిలీ నెగెటివ్ రిపోర్టులతో వెళ్తున్నవాళ్లని పోలీసులు పట్టుకున్నారని వార్త చూసే ఉంటారు. ముస్సోరీ దగ్గర కెంప్టీ జలపాతంలో అయితే ఆ జనసందోహం వీడియో బయటికొచ్చాక, ఒకసారికి 50 మందినే, అదీ అరగంటే అని రూలు పెట్టారు.

అందుకని అందరూ ఇంట్లో కూర్చోవాలని నేను అనను. ఎక్కడికి అనేదానికంటే ఎప్పుడు, ఎలా, ఎవరితో అనేది చూసుకోవాలి. సెలవు కలిసొచ్చిందని మీరు వెళ్లే రోజే ఊరంతా బయల్దేరుతుంది. అదే మామూలు మంగళవారం వెళ్తే వ్యూ పాయింట్ దగ్గర మీరూ, జొన్నపొత్తులు కాల్చే మనిషీ తప్ప ఎవరూ ఉండరు.

విశాఖ_సిస్టర్ | 12 జులై, మధ్యాహ్నం 3:30

నైట్ డ్యూటీ చేసి పడుకుని లేచి ఇది చదివాను. విశాఖలో వార్డులో పనిచేస్తాను. ఏప్రిల్ 22న దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మా ఊరి స్టీల్‌ప్లాంట్ నుంచే మహారాష్ట్రకి బయల్దేరింది, టీవీలో చూసి మురిసిపోయాం. తర్వాత కొద్ది రోజులకే మాకూ సిలిండర్ల లెక్క చూసుకునే పరిస్థితి వచ్చింది. అందుకని నేను ఎలాగూ భయస్తురాలినే, ఆ మేరకు తీసేసి చదవండి.

టెకీ గారూ, మీ ప్లాన్‌లో అరకు కంటే నాకు ఎక్కువ భయం రైలు గురించి. రాత్రంతా ఏసీ పెట్టె, పక్క బెర్తులో ఎవరో తెలియదు, తిండి దగ్గర అందరూ మాస్కులు తీస్తారు. కొండ మీద ఆరుబయట నిలబడితే గాలికి కొట్టుకుపోయేది మూసిన గదిలో గంటల కొద్దీ నిలిచి ఉంటుంది. అదే లెక్కన వ్యూ పాయింట్ ఫర్వాలేదు, జనం కిక్కిరిసిన రోజు బొర్రా గుహల్లో దిగడం వద్దు.

నెగెటివ్ రిపోర్టు పట్టుకుంటే సరిపోతుందనుకోకండి. అది శాంపిల్ ఇచ్చిన నాటి మాట. ముందురోజు అంటుకుంటే పరీక్షలో కనబడకపోవచ్చు, నాలుగైదు రోజులకి బయటపడొచ్చు, అంటే సరిగ్గా మీరు కొండ మీద ఉన్నప్పుడు.

ఇక డోసు. ఇప్పుడు తిరుగుతున్నది డెల్టా రకం వైరస్. ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ మే నెలలో చెప్పిన లెక్క ప్రకారం ఒక్క డోసు దాని మీద లక్షణాలతో వచ్చే జబ్బుని మూడో వంతే ఆపింది, రెండు డోసుల ఆస్ట్రాజెనెకా, అంటే మన కోవిషీల్డే, 60 శాతం దాకా. మీ నాన్నగారిది ఏప్రిల్ ఆఖరంటే 84 రోజుల లెక్కన రెండో డోసు సరిగ్గా మీ ట్రిప్పు వారంలోనే పడుతుంది! ఆ వారం ఆయన్ని కొండెక్కించడం కంటే వ్యాక్సిన్ సెంటర్‌కి తీసుకెళ్లడం మంచిది కదా. అది పడ్డాక రెండు వారాలు ఆగండి.

ఇంకొకటి. అరకులో ఆస్పత్రి ఉంది, లేదనను. కానీ షుగరున్న మనిషికి ఊపిరాడకపోతే చివరికి కిందికి విశాఖకే తేవాలి. దాదాపు 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు, రాత్రి పొగమంచు. వానాకాలం ఎక్కడైనా కొండచరియ పడిందంటే ఇక ఆ రాత్రి సంగతి చెప్పక్కర్లేదు.

కొత్తపేట_కుర్రాడు | 12 జులై, మధ్యాహ్నం 3:52

సిస్టర్, మీరు చెప్తే వింట. కానీ పద్మక్క చెప్పినట్టు రెండు మూడు నెలలంటే, గవి అయినంక ఇంకో రెండు మూడు నెలలంటరు. పోయినేడు మార్చి నుంచి గిదే పాట.

మన్యం_జీపు | 12 జులై, రాత్రి 9:10

సిగ్నల్ ఉన్నప్పుడే రాయగలను, ఆలస్యమైతే ఏమనుకోవద్దు. నాది అరకు పక్క ఊరు. జీపు నడుపుతాను, టూరిస్టులే నా బతుకు.

పద్మక్కా, మీ బాధ కాదనను. కానీ ఆగమని చెప్పడం నెలాఖరుకి జీతం పడేవాళ్లకి తేలిక. మాకు నవంబరు నుంచి సంక్రాంతి దాకా సీజను, వలిసె పూలు పూసినప్పుడు పసుపు చేలల్లో నిలబడి ఫొటోలు దిగడానికి వస్తారు. ఆ తర్వాత వేసవి సెలవులు. రెండు వేసవులూ పోయాయి. పోయినేడు వాయిదాలకి మారటోరియం అన్నారు, ఈ ఏడు ఫైనాన్స్ వాళ్లు నేరుగా ఇంటికొచ్చి జీపు టైర్లు చూసి వెళ్లారు. బొంగు చికెన్ కాల్చే మా బావమరిది వెదురు కొట్టడం మానేసి ఉపాధి పనికి పోతున్నాడు. అందుకని రావద్దు అనడానికి నాకు నోరు రాదు.

రమ్మనడానికీ భయమే. మేలో మా ఊరోళ్లు రోడ్డుకి అడ్డంగా చెట్టు కొమ్మలు నరికి పడేశారు, బయటివాళ్లు రాకుండా. లోపలి ఊళ్లకి రోడ్డు లేదు, మనిషికి బాగోకపోతే డోలీ కట్టి మోసుకు రావాలి, 108కి ఫోన్ చెయ్యాలన్నా సిగ్నల్ కోసం మిట్ట ఎక్కాలి. జ్వరం వచ్చిందని ఆశా కార్యకర్త వస్తే తలుపేసుకునే ముసలాళ్లు ఉన్నారు, తీసుకెళ్తే తిరిగి రామని. ఆ జ్వరం లోపలికి పోయిందంటే ఎవరి వల్ల పోయిందో కూడా తెలియదు.

నేను కళ్లారా చూసేది ఒకటి చెప్తాను. సాయంత్రం క్యాంపు ఫైర్ దగ్గర థింసా ఆడిస్తారు. మా ఆడవాళ్లు ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకుని వరసగా అడుగు వేస్తారు. చూస్తూ కూర్చుంటే బాధ లేదు. రెండో పాటకి టూరిస్టులు లేచి మధ్యలో దూరి అటొకరినీ ఇటొకరినీ పట్టుకుంటారు, ఫొటో బాగా రావాలని మాస్కు జేబులో పెడతారు. అప్పటిదాకా మాస్కు కట్టుకున్న మా పిల్ల కూడా, ఫొటోకి అడిగారని తీసేస్తుంది. వద్దంటే ఆ రాత్రి డబ్బులు పోతాయి కదా.

టెకీ అన్నా, మీకు ఒక డోసైనా పడింది. జూన్ 20న మా రాష్ట్రంలో ఒక్కరోజే 13 లక్షల పైన వేశారు, మా ఆవిడకి చంటిపిల్ల తల్లి కింద ఆ రోజు పడింది. నాకు 45 నిండలేదు, ఇంకా ఒక్కటీ లేదు. మీరు ఎక్కే బండి డ్రైవరుకి పడిందో లేదో ఎవరూ అడగరు. డ్రైవరుకి ఉంటే తమకి వస్తుందేమో అని మాత్రం అడుగుతారు.

సిడ్నీ_సుబ్బు | 13 జులై, ఉదయం 5:45

డ్రైవర్ సంగతి ఎత్తారు కాబట్టి రాస్తున్నా. సిడ్నీ మొత్తం ఇప్పుడు ఇళ్లల్లో కూర్చుని ఉంది, జూన్ ఆఖరు నుంచి లాక్‌డౌన్. ఎక్కడ మొదలైందో తెలుసా? విదేశీ విమాన సిబ్బందిని కార్లో తీసుకెళ్లే ఒక డ్రైవరు దగ్గర, జూన్ మధ్యలో. అరవై దాటిన మనిషి, టీకా పడలేదు. దేశం తలుపులన్నీ బిగించుకున్నా ఒక కారు సీటు సందులోంచి వచ్చేసింది. ఇక్కడ జనం ముందు ఆయన్నే తిట్టారు. ఆయనకి వ్యాక్సిన్ ఎందుకు వెయ్యలేదని అడగడం తర్వాత మొదలైంది.

ఇక్కడి మాకు ట్రిప్పు అనే మాటే మర్చిపోయే పరిస్థితి. 2020 మార్చి నుంచి అనుమతి లేనిదే పౌరులు దేశం దాటకూడదు. ఈ మే నెలలో కొన్నాళ్లు ఇండియా నుంచి తిరిగొస్తే జైలు అని కూడా అన్నారు, సొంత పౌరుల్ని! తెనాలిలో అమ్మని చూసి రెండేళ్లు దాటింది. అందుకని సరదా ప్రయాణం, అవసర ప్రయాణం అని గీత గీసి చెప్పేవాళ్లని చూస్తే నాకు కొంచెం చిరాకు. అమ్మని చూడ్డానికి రావడం ఆఫీసరు దృష్టిలో అవసరం కాదు, నాకు అంతకంటే అవసరం ఏముంది? టెకీ గారి అబ్బాయికి ఆకాశం చూడ్డం అవసరం కాదా? మీకు కదిలే అవకాశం ఉంది, కదలకండి అని నేను చెప్పలేను. ఆ డ్రైవరుకి డోసు పడేదాకా ఆగండి అని మాత్రం చెప్తా.

పద్మక్క_గుంటూరు | 13 జులై, ఉదయం 9:00

మన్యం తమ్ముడూ, నెల జీతం మాట నిజమే, మాట పడతాను. కానీ నువ్వే అన్నావు, జ్వరం లోపలికి పోతే ఎవరి వల్లో కూడా తెలియదని. మాకూ తెలియలేదు. బాబాయికి పెళ్లిలో అంటుకుందా, బ్యాంకులోనా, మా ఇంటికొచ్చిన మనిషి దగ్గరా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. నేను భయపడేది అందుకే.

టూర్ల_మాస్టారు | 13 జులై, మధ్యాహ్నం 12:40

నిన్న డాక్టర్ల సంఘం ఐఎంఏ వాళ్లు కూడా అదే అన్నారు, టూరిజం, తీర్థయాత్రలు అన్నీ కావాల్సినవే, కొన్ని నెలలు ఆగొచ్చు అని. సరే, పెద్ద డాక్టర్ల మాట. కానీ ఆగే ఆ కొన్ని నెలలు జీపు తమ్ముడు ఏం తినాలో ఆ ప్రకటనలో ఉండదు, అదే నా బాధ. తిరుమలలో సర్వదర్శనం టోకెన్లు ఏప్రిల్ 12 నుంచి ఆపేశారు, దేవుడికేం కాదు, కింద తిరుపతిలో లాడ్జీలు, బొమ్మల కొట్లు నడిపేవాళ్లనడగండి ఎలా ఉందో.

టెకీ గారూ, మధ్యే మార్గం కావాలంటే ఒకటి చెప్తాను. మీకు సొంత కారుంటే హైదరాబాద్‌కి దగ్గర్లోనే వికారాబాద్ అనంతగిరి కొండలున్నాయి. పొద్దున్నే బయల్దేరండి, మామూలు వారం రోజున. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో కట్టుకోండి, నీళ్లు ఇంటివే, హోటల్ జోలికి పోవద్దు, చీకటి పడే లోపల ఇంటికి. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు రోడ్డుకి రెండువైపులా కార్లు, కొండ కనబడదు. దాంతో అరకు జీపుకి రూపాయి రాదు, ఒప్పుకుంటాను.

మోడరేటర్ | 13 జులై, సాయంత్రం 6:00

కుంభమేళా, ఉప ఎన్నిక మీద పార్టీల గొడవగా మారిన జవాబులు తీసేశాను. అవి వేరే చోట కొట్టుకోండి. ఇక్కడ ట్రిప్పు గురించి మాత్రమే.

నిద్రలేని_టెకీ | 13 జులై, రాత్రి 10:25

ఇది రాస్తున్నది ఆయన కాదండీ, వాళ్లావిడని. ఐడీ ఆయనదే. ఆయన పిల్లాణ్ని పడుకోబెడుతున్నారు, ఈలోగా మొత్తం చదివాను.

అందరూ ఆయన్ని అడుగుతున్నారు, ఆయనేమో మిమ్మల్ని అడుగుతున్నారు. మా మామగారిని అడిగినవాళ్లు లేరు. ఇందాక భోజనాల దగ్గర నేనే అడిగాను, "మీకు రావాలనుందా మామయ్యా" అని. ఆయన చారు కలుపుకుంటూ, "మీరు సంతోషంగా ఉంటారని సరేనన్నా. రైల్లో రాత్రంతా మాస్కు పెట్టుకుంటే నాకు ఊపిరి సలపదు. పై బెర్తు వస్తే ఎక్కలేను. షుగర్ మాత్రలు, తిండి వేళలు అన్నీ తప్పుతాయి" అన్నారు. అత్తయ్య కూడా అప్పుడు చెప్పారు, తనకి ఘాట్ రోడ్డంటే వాంతులని. వాళ్లిద్దరూ మా కోసం, మేము వాళ్ల కోసం ఈ ట్రిప్పు వేసుకున్నామన్నమాట!

ఇంకో మాట. కొండ చూపించమని అడిగింది నేనే. కానీ ఈ ప్లాన్‌లో నాకు సెలవు లేదు. డబ్బాలు సర్దడం, పిల్లాడి మాస్కు గంటకోసారి మార్చడం, ముట్టుకున్నవన్నీ తుడవడం, పెద్దవాళ్లకి మందులు, ఎవరు దగ్గినా ఉలిక్కిపడటం. ఇంట్లో చేసే పనే కొండ మీద చెయ్యాలి, పైగా భయపడుతూ. సిస్టర్ గారు చెప్పిన డోసు తేదీ చూశాను, సరిగ్గా మేము బయల్దేరే మర్నాడే ఆయన 84 రోజులు నిండుతాయి. ఇంత చిన్న విషయం క్యాలెండర్లో చూసుకోకుండా రైలు టికెట్లు చూశాం.

జీపు అన్నయ్యా, థింసా సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. ఆ ప్యాకేజీలో అది కూడా ఉంది, "క్యాంపు ఫైర్ విత్ ట్రైబల్ డాన్స్" అని. నేనూ వెళ్లి మధ్యలో నిలబడేదాన్నే.

విశాఖ_సిస్టర్ | 13 జులై, రాత్రి 10:50

చెల్లీ, భలే అడిగావు మామయ్యగారిని. మా దగ్గరకొచ్చే పెద్దవాళ్లలో చాలామంది అంతే, రెండ్రోజులుగా ఆయాసం ఉన్నా పిల్లల ప్రోగ్రాం పాడవుతుందని చెప్పరు. డోసు వేయించాక ఆ సాయంత్రం జ్వరం వస్తే పారాసెటమాల్ చాలు, కంగారు పడొద్దు. బాబుని మాత్రం ఇంట్లో బిగించెయ్యకు. పొద్దున ఆరింటికి పార్కులోనో చెరువు గట్టునో జనం లేనప్పుడు పరిగెత్తించు, దానికి ఏ వేవ్ అడ్డం కాదు.

మన్యం_జీపు | 14 జులై, ఉదయం 6:30

అక్కా, మీరు రాకపోతే నాకు కోపం లేదు. నా జీపు మీరు మాట్లాడుకున్నదీ కాదు. ఒక్కటి చేయండి, హోమ్‌స్టే ఆయనతో డబ్బులు వెనక్కి ఇమ్మని గొడవ పడకండి, తేదీ మార్చమని అడగండి. ఆయన ఆ అడ్వాన్సుతో ఈపాటికి బియ్యం కొనేసి ఉంటాడు. నవంబరులో రండి, వానలుండవు, వలిసె చేలు పూసి ఉంటాయి, అప్పటికి నాకూ డోసులు పడతాయేమో. వచ్చినప్పుడు జీపు అద్దాలు తీసే ఉంచుతాను, చలికి శాలువాలు తెచ్చుకోండి. సంతకి జనం ఎక్కువైతే వద్దు, కాఫీ గింజలూ మిరియాలూ నేను రైతు దగ్గర ఇప్పిస్తాను, రోడ్డు మీద ప్యాకెట్లు కొనకండి, అందులో చికోరీనే సగం.

నిద్రలేని_టెకీ | 14 జులై, రాత్రి 9:15

ఈసారి నేనే, ఆయన్నే. రైలు టికెట్లు రద్దు చేశాను. హోమ్‌స్టే ఆయన మొదట మొహం మాడ్చినట్టు మాట్లాడినా, నవంబరు రెండో వారానికి మార్చాడు. నాన్న డోసు వచ్చే వారం శుక్రవారానికి స్లాటు దొరికింది. మాస్టారు చెప్పిన వికారాబాద్‌కి లీవు పెట్టిన ఆ వారం గురువారమే కారులో వెళ్తున్నాం, మేము ముగ్గురమే. అమ్మ పులిహోర చేసిస్తానంది. మా అన్నయ్యకి చెప్తే దానికీ తిట్టాడు, అది వేరే సంగతి.

కొత్తపేట_కుర్రాడు | 14 జులై, రాత్రి 9:31

అన్నా, గా మూడు రాత్రులు ఇప్పుడు ఖాళీనే కదా, హోమ్‌స్టే నంబర్ నాకు పంపియ్. మేం నలుగురం దోస్తులం పోయొస్తం.

మన్యం_జీపు | 14 జులై, రాత్రి 9:58

డోసులు ఎన్ని పడ్డాయి తమ్ముడూ?

కొత్తపేట_కుర్రాడు | 14 జులై, రాత్రి 10:02

నలుగురికి కలిపి రెండు.